పార్కులో ఊడ్వని మూల

తెనాలి మున్సిపల్ పార్కులో ఉసిరి చెట్టున్న మూలకి ఎవరూ పోయేవాళ్లు కారు. నడిచేవాళ్ల కోసం వేసిన సిమెంటు బాట దానికి ఇవతలే మలుపు తిరిగిపోతుంది. చెట్టు వెనక ప్రహరీగోడ, గోడ వెనక కాలవ. పక్కనున్న కానుగ, బాదం చెట్ల ఆకులు ఏళ్ల తరబడి రాలి అక్కడ పరుపులా పడి ఉండేవి. పైపొర కాలు పెడితే గలగలలాడేది, అడుగుపొర నల్లగా తడిసి మట్టిలో కలిసిపోతుండేది. ఆ మట్టిలో పురుగులు, ఆ పురుగుల కోసం ప్రతి చలికాలం ఒక పొన్నంగి పిట్ట. ఇందుమతికి ఆ పార్కులో కావలసింది ఆ మూల ఒక్కటే.

ఇందుమతి పుట్టింది రేపల్లెలో. చదువు అక్కడే కొంత, బాపట్లలో కొంత. పెళ్లయి తెనాలి వచ్చాక బాపట్లలోనే ఒక కాలేజీలో జువాలజీ ల్యాబ్ అసిస్టెంటుగా కుదురుకుని, రిటైరయ్యేదాకా పాసింజరు బండిలో వెళ్లొచ్చింది. ల్యాబులో ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో ఎప్పుడో, ఎవరి హయాంలోనో కొన్న పిట్టలు, లోపల దూది కూరి, చెక్కముక్కల మీద నిలబెట్టి ఉండేవి. వాటి దుమ్ము దులపడం ఆవిడ పని. మెత్తటి బ్రష్షుతో ఈక వాలు చూసి దులపాలి, ఎదురు దులిపితే ఊడి చేతికొస్తుంది. రంగులు వెలిసిపోయి పిట్టలన్నీ ఇంచుమించు ఒకే గోధుమరంగుకి వచ్చేశాయి. పొన్నంగి పిట్ట ముందు నిలబడి పిల్లలు "ఇదెక్కడుంటుంది మేడమ్?" అని అడిగితే "అడవుల్లో" అని చెప్పేది. ఆవిడకీ తెలియదు.

రిటైరయ్యాక షుగరు వచ్చి, డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు. అలా నడవడం మొదలుపెట్టిన మొదటి చలికాలంలో, మంచులో, ఉసిరి చెట్టు కింద ఆకుల్ని ముక్కుతో ఒక్కొక్కటే తిప్పి అవతల పడేస్తున్న పిట్ట కనిపించింది. గోరింకంత ఉంది. ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, కళ్ల మీదుగా కాటుకలాంటి నల్ల చార, పొట్ట కింద ఎరుపు. రంగులుండటం వల్ల, పైగా కదులుతుండటం వల్ల, ఏళ్ల తరబడి తాను దులిపిన పిట్ట అదేనని పోల్చుకోవడానికి ఆవిడకి కాసేపు పట్టింది.

ఆ సంగతి ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది. రాఘవరావు దుగ్గిరాల పసుపు యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. ఎంత ఉతికినా చొక్కాలు పసుపు వాసన వదిలేవి కావు.

"ఆకుపచ్చ, నీలం, ఎరుపు. అన్నీ ఒక్క పిట్టకేనా? చీరల కొట్టు ముందు నిలబడి చూశావేమో" అన్నాడాయన.

"పోనీ రేపు వచ్చి చూడండి."

"యార్డుకి లారీలొచ్చే టైములో పిట్టల్ని చూడ్డానికి రానా? బానే ఉంది."

కానీ ఒకరోజు వచ్చాడు. చూశాడు. ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాక, "తోకేదే దానికి?" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ చలి మొదలవగానే ఆయనే అడిగేవాడు, చుట్టం దిగాడా లేదా అని. దిగాడని ఆవిడ చెప్పాక, ఇక ఆ సంవత్సరానికి ఆ విషయంలో ఆయనకి బెంగ ఉండేది కాదు.

పిట్ట సంగతి ఇందుమతి పార్కులో ఇంకెవరికీ చెప్పలేదు. దానికో కారణం ఉంది. అంతకుముందు బాదం చెట్టు తొర్రలో చిన్న గుడ్లగూబల జంట కాపురం పెడితే, ముచ్చటపడి నలుగురికి చూపించింది. నలుగురూ నలభైమందికి చూపించారు. ఫోన్లు పట్టుకుని చెట్టెక్కినవాళ్లు కొందరు, రాళ్లేసి లేపినవాళ్లు కొందరు. గుడ్లగూబలు వెళ్లిపోయాయి. అప్పట్నుంచి నోరు కట్టేసుకుంది. రాఘవరావు కాకుండా పొన్నంగి సంగతి తెలిసింది అక్తర్ బేగానికి మాత్రమే. అక్తర్ బేగం పక్క వీధిలో జాకెట్లు కుడుతుంది. ఇందుమతికంటే కాస్త పెద్దది. మోకాళ్ల నొప్పితో పార్కు ఒక్క చుట్టు నడిచి, మిగతా చుట్లు బెంచీ మీద కూచుని నడిచినట్టే లెక్కేసుకునే మనిషి.

ఈ ఏడు శ్రావణంలో రాఘవరావు పోయాడు. రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. దినాలయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు. దీపావళి కూడా వచ్చింది. ఆ పొద్దున, ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే, ఉసిరి చెట్టు వైపు నుంచి రెండు ముక్కల ఈల వినిపించింది. ఇందుమతి వెళ్లి చూసింది. పిట్ట ఒంటికాలి మీద కునికిపాట్లు పడుతోంది. ఎంత దూరం నుంచి ఎగిరొచ్చిందో, ఆకులు తిరగేసే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. ఆవిడ ఇంటికి నడుస్తూ, ఈ మాట ఇవాళ చెప్పడానికి ఇంట్లో మనిషి లేడు కదా అనుకుంది. అనుకుని, కూరగాయలు కొనుక్కుని వెళ్లింది.

మర్నాడు పొద్దున పార్కు వాచ్‌మన్ సుందరయ్య చీపురూ గోనెసంచీ పట్టుకుని ఉసిరి చెట్టు వైపు వస్తూ ఎదురయ్యాడు.

"ఎక్కడికి సుందరయ్యా?"

"ఆదివారం వాకర్స్ వాళ్ల వనభోజనాలంట అమ్మా. ఈసారి బస్సులేసుకుని ఎక్కడికీ పోరంట, ఈ ఉసిరి చెట్టు కిందేనంట. ఈ చెత్తంతా ఊడ్చి తగలెట్టమన్నారు సెక్రెటరీ గారు."

"ఆదివారానికి ఇంకా రోజులున్నాయిగా."

"ఇయ్యాల మొదలెడితేనే అవుద్ది. ఎంతుందో చూడండి మీరే."

కార్తీకంలో ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేసుకుని తినడం ఎప్పట్నుంచో ఉన్న ఆచారం. వద్దనడానికి ఆవిడెవరు? ఆకుల్లో అలికిడైంది. సుందరయ్య చీపురు ఎత్తాడు.

"అటెళ్లకు. పాముంది" అంది ఇందుమతి.

"పామా!"

"తాచు. ఇందాకే చూశాను. ఇంత లావుంది." చేత్తో చూపించింది కూడా.

సుందరయ్య వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాడు. చీపురు అక్కడే ఉండిపోయింది.

చెప్పినప్పుడు అదేం పెద్ద తప్పుగా తోచలేదు ఆవిడకి. కాలవ పక్క పార్కు, పాములుండవని ఎవరనగలరు? చూడనిదాన్ని చూశానంది, అంతేకదా. బెంచీ దగ్గరికెళ్లి అక్తర్ బేగానికి చెబితే, ఆవిడ మోకాలు రుద్దుకుంటూ విని, "పడగ విప్పిందా?" అని అడిగింది.

"విప్పలేదు."

"విప్పిందని చెప్పాల్సింది. ఇంకో వారం కలిసొచ్చేది."

నిజంగానే ఆ రోజంతా ఆ మూలకి ఎవరూ పోలేదు. నడిచేవాళ్లు మలుపు దగ్గరికొచ్చేసరికి అడుగు పెంచేవాళ్లు. మర్నాటికి పిట్ట తేరుకుని ఆకులు తిరగేయడం మొదలుపెట్టింది. ఆదివారం దగ్గరపడితే భోజనాలు ఇంకో చోటికి మార్చుకుంటార్లే అని ఇందుమతి నిశ్చింతగా ఇంటికెళ్లింది.

ఆ సాయంత్రం ఇందుమతి అక్తర్ బేగం వాళ్ల అరుగు మీద కూచుని ఉంటే, ఆవిడ మిషను తొక్కడం ఆపి అడిగింది.

"ఇందూ, ఎల్లుండి ఏం పండగో చెప్పు."

"నాకు పండగలేంటక్కా ఈ ఏడు."

"నీకు లేకపోతే ఊరికి లేవా? ఎల్లుండి పొద్దుటికి జాకెట్లు కావాలని నా ప్రాణం తోడేస్తున్నారు. నాగుల చవితి."

ఇందుమతి వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టింది.

"మా వీధి వీధంతా పాలు పట్టుకుని పార్కుకే వస్తోంది. ఉసిరి చెట్టు కింద పుట్ట వెలిసిందంట. స్వామి పడగ విప్పి ఆడాడంట."

"పడగ విప్పలేదన్నానుగా!"

"అది నువ్వు చెప్పిన పాము. ఇది వాళ్ల పాము" అని అక్తర్ బేగం మళ్లీ మిషను తొక్కింది. "మీ దేవుళ్ల తారీఖులు కూడా నేనే గుర్తుపెట్టుకోవాలంటే ఎట్టాగే?"

దీపావళి వెళ్లిన నాలుగోనాడు చవితి అని ఈ చుట్టుపక్కల ఏ ఆడదాన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఏటిసూతకంలో ఉన్న ఇంట్లో పండగలు చెయ్యరు, ఏడాది వెళ్లేదాకా పంచాంగంతో పని లేదు. దీపావళినాడు ఇందుమతి తలుపేసుకుని టీవీ పెట్టుకుంది, ఆ పైన రోజులు లెక్కపెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే పాము మాట ఎత్తేదే కాదు. ఇక్కడ పాముందంటే జనం పారిపోయేది సంవత్సరమంతా, ఆ ఒక్కరోజు తప్ప. ఆ రోజు పాలూ, గుడ్లూ, చిమ్మిలీ పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. దీపావళికి మిగిలిన టపాకాయలన్నీ పుట్ట దగ్గరే కాలుస్తారు.

తెల్లారగానే వాకర్స్ అసోసియేషన్ సెక్రెటరీ ప్రతాప్ పెయింట్ల కొట్టుకి వెళ్లింది. ఆయన షట్టరెత్తి అగరొత్తి వెలిగిస్తున్నాడు.

"ప్రతాప్ గారూ, ఆ మూల పుట్టా లేదు, పామూ లేదండి."

"వెళ్లిపోయిందంటారా?"

"అసలు లేదు. నేను చూళ్లేదు. అబద్ధం చెప్పాను."

ప్రతాప్ అగరొత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అదేంటి అక్కయ్యగారూ? లావెంతో కూడా చూపించారంటగా సుందరయ్యకి?"

"ఆకులు ఊడ్చేస్తారని."

"ఊడిస్తే ఏంటండి?"

అక్కడ ఆగిపోయింది ఇందుమతి. పిట్ట మాట చెబితే సాయంత్రానికి ఫోన్లలో ఊరంతా తిరుగుతుంది. చెప్పలేదు. ప్రతాప్‌కి ఆ మౌనం వేరేగా అర్థమైంది. గొంతు తగ్గించాడు.

"బావగారు పోయిన దగ్గర్నుంచి మీ మనసు మనసులో లేదు. నాకు తెలుసు. ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి. షామియానా చెప్పేశాను, మైకు చెప్పేశాను. ఇప్పుడు పాము లేదంటే జనం నవ్వేది మిమ్మల్ని కాదు, నన్ను."

చవితినాడు ఆవిడ ఇంకా చీకటుండగానే వెళ్లింది. అప్పటికే గేటు దగ్గర ఆటోలు. తడి జుట్టుకి చివర ముడేసుకున్న ఆడవాళ్లు, చేతుల్లో చెంబులు, సంకల్లో పిల్లలు. ఉసిరి చెట్టు ముందు షామియానా, దాని గుంజకి మైకు. ఇంకా పుట్ట ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అది కనిపించాలంటే ఆకులు తియ్యాలి, తీస్తే పాము ఎక్కడ కాటేస్తుందోనని ఎవరూ ముందుకు కదలడం లేదు. కుర్రాళ్లు సీమటపాకాయల దండ ఒకటి చెట్టు మొదట్లో పరిచి, ముందు మోత పెడితే స్వామి పక్కకి తప్పుకుంటాడని వాదిస్తున్నారు. ఒకడు అగ్గిపెట్టె తీశాడు.

ఇందుమతి వెళ్లి ఆ టపాకాయల దండ మీద నిలబడింది.

"అక్కయ్యగారూ, తప్పుకోండి. ఏంటిది?" అన్నాడు ప్రతాప్.

"ఇక్కడ పాము లేదండి. ఎవరూ చూళ్లేదు. నేనే అబద్ధం చెప్పాను" అంది ఆవిడ. తెరిచే ఉన్న మైకు ఆ మాటల్ని గేటు దాకా వినిపించింది.

అందరూ ఒక్కసారే అందుకున్నారు. సూతకంలో ఉన్న మనిషి, కలలో చూసిందేమో అని ఒకరు. స్వామి ఉన్నాడో లేడో ఈవిడ చెప్పాలా అని ఒకరు. సంగం జాగర్లమూడి నుంచి ఆటోలో వచ్చిన మంగతాయారు అనే పెద్దావిడ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఉపవాసంతో ఇంత దూరం వచ్చానమ్మా! మా ఊళ్లో పుట్టలు లేకనా?"

"మరెందుకొచ్చారు పిన్నిగారూ?" అంది వెనక నుంచి అక్తర్ బేగం.

"ఇక్కడైతే బురద ఉండదన్నారు!"

ఎవరో నవ్వారు. మంగతాయారు నవ్వలేదు. "ఎందుకు చెప్పావమ్మా అబద్ధం? అది చెప్పు ముందు."

ఇందుమతి ఒకసారి ఆకుల వైపు చూసింది. ఇంత గోలలో అది అక్కడుండే మాటే లేదు. ఇక దాచి కాపాడేదేముంది?

"ఇక్కడికి ఒక పిట్ట వస్తుందండి, చలికాలం ఉండిపోవడానికి. ఈ ఆకుల కింద పురుగులే దానికి తిండి. ఊడ్చేస్తే వెళ్లిపోతుందని చెప్పాను."

"పిట్ట కోసమా!" అంది మంగతాయారు. చెంబులో పాల వైపు చూసుకుంది, ఇందుమతి వైపు చూసింది. "ఆ మాటే చెబితే సరిపోయేదిగా" అని కొంగు దోపుకుని గేటు వైపు నడిచింది. కాలవ గట్టు మీద అవతల అసలైన పుట్ట ఒకటుందని ఎవరో చెబితే జనం ఆవిడ వెనకే కదిలారు. కుర్రాళ్లు ఇందుమతి కాళ్ల కింద నుంచి దండ లాక్కుని వాళ్లూ వెళ్లారు. గట్టు మీద మోత చాలాసేపు వినిపించింది.

ప్రతాప్ మైకు ఆపుచేయించాడు. ఆయన మొహం కందిపోయింది. "ఆదివారం దాకా కూడా వద్దు. సుందరయ్యా, ఇప్పుడే ఊడ్చెయ్" అని వెళ్లిపోయాడు.

సుందరయ్య చీపురు తీసుకుని ఇందుమతి ముందుకొచ్చి నిలబడ్డాడు. "మూడు రాత్రుళ్లు నిద్దర పట్టలేదమ్మా నాకు. నా గది ఆ పక్కనేగా? పిట్టని చెబితే నేనే ఊడ్చేవాణ్ని కాదు. ఏదో ఒకటి చెప్పి ఆపేవాణ్ని."

ఇందుమతి పక్కకి జరిగింది. ఊడ్వనిచ్చింది. కుప్ప చేసి అగ్గిపెట్టె కోసం జేబులో చెయ్యి పెట్టినప్పుడు మాత్రం, "తగలెయ్యకు. అవి నాకియ్యి" అంది.

"ఏం చేసుకుంటారమ్మా?"

పార్కు అవతలి కొసన, మోటారు గది వెనక, విరిగిపోయిన జారుడుబల్ల ఒకటుంది. రేకు లేచిపోయి పిల్లలు అటు రావడం మానేశారు. పైన నేరేడు చెట్టు, పక్కన మోటారు కారి ఎప్పుడూ తడిగా ఉండే నేల. ఇందుమతి ఇంటికెళ్లి పాత దుప్పట్లు తెచ్చింది. అక్తర్ బేగం కత్తిరింపులు దాచుకునే సంచులు తెచ్చింది. అడుగున ఉన్న నల్ల ఆకుల్ని మట్టితో సహా ఎత్తి ముందు పరిచారు, ఎండాకులు పైన. మోయడం ఇద్దరివల్లా కాకపోతే, సుందరయ్య గొణుక్కుంటూనే చెత్తబండి తోసుకొచ్చాడు.

అక్తర్ బేగం జారుడుబల్ల మెట్టు మీద కూలబడి, కొంగుతో విసురుకుంటూ, "ఈ పనేదో మొదటే చేసుంటే పాముతో పనేంటే?" అంది.

"తట్టలేదక్కా."

"తట్టదు. పాము తట్టింది గానీ పార తట్టలేదు."

ఆదివారం భోజనాలు ఉసిరి చెట్టు కింద, అద్దంలా ఊడ్చిన నేల మీద జరిగాయి. సూతకం కాబట్టి ఇందుమతి వెళ్లలేదు. ఆవిడకి అక్కడ పేరైతే స్థిరపడిపోయింది. నడుస్తుంటే వెనక నుంచి "పాము అక్కయ్యగారు" అని వినిపించేది. ఆవిడ విననట్టు నడిచేది. మొదట్లో కొన్నాళ్లు ప్రతాప్ ఎదురైతే మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయనే అందరికంటే ఎక్కువ వేళాకోళం చేశాడు.

పిట్ట కనిపించలేదు. ఈల కూడా లేదు. ఇందుమతి రోజూ వెళ్లి మోటారు గది గోడకి ఆనుకుని నిలబడేది. ఆకులు ఎండితే సుందరయ్య పైపుతో తడిపేవాడు, అడక్కుండానే. కాకులొచ్చాయి, జెముడుకాకి ఒకటి వచ్చి బరబరా కెలికిపోయింది. ఒకరోజు అక్తర్ బేగం, "దానికి ఊళ్లో ఇదొక్క పార్కేనా? ఎక్కడో ఒకచోట తింటూ ఉంటుందిలే" అంది. ఉంటుంది. ఇందుమతికీ ఆ మాట తెలుసు. అయినా ఇంటికెళ్లి ఒక్కదానికే వండుకుంటూ, ఈ ఏడు దిగింది అని మొదటిరోజు అనుకున్నాను, దిగినదాన్ని నేనే నిలవనియ్యలేదు అనుకునేది. పాము మాట చెప్పకుండా ఉంటే మాత్రం నిలిచేదా అంటే, అదీ లేదు. చీపురు ఎలాగూ వచ్చేది.

కార్తీకం వెళ్లింది. చలి ముదిరింది. పొద్దున మంచుకి కాలవ కనిపించడం మానేసింది. అలాంటి ఒక పొద్దున మోటారు గది దగ్గరికి ఇంకా చేరకముందే ఆవిడకి ఆకు తిరగబడిన చప్పుడు వినిపించింది. జెముడుకాకి చప్పుడు కాదు. ఒక్క ఆకు, ఆగి ఇంకో ఆకు. గోడ వారగా వంగి చూసింది. జారుడుబల్ల నీడలో పొట్ట కింద ఎరుపు కనిపించింది, ఆ తర్వాత పిట్టంతా కనిపించింది. అది రెండు గెంతులు గెంతి, తల వంచి నేల విన్నట్టు నిలబడి, ఒక ఆకుని తీసి అవతల పడేసింది.

ఎంతసేపు నిలబడిందో, వెనక అడుగుల చప్పుడైంది. మఫ్లరు చుట్టుకున్న ప్రతాప్.

"ఏంటి అక్కయ్యగారూ, ఈసారి తాచా? కొండచిలువా?"

ఏం లేదండి, కాలు పట్టేసింది అంటే చాలు, వెళ్లిపోతాడు. ఇందుమతి వెనక్కి తిరిగి, వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ఇటు రండి. మెల్లిగా. చెప్పులు వదిలేసి రండి."

ఆయన అనుమానంగా చూశాడు. చెప్పులు మాత్రం వదిలాడు. చల్లటి నేల మీద కాళ్లు ముడుచుకుంటూ వచ్చి, ఆవిడ చూపించిన వైపు చూశాడు.

"ఎక్కడ? ఆకులేగా?"

"ఆకుల్ని చూడకండి. కదిలేదాన్ని చూడండి. జారుడుబల్ల రెండో కాలు పక్కన."

కాసేపటికి ప్రతాప్ ఊపిరి బిగపట్టినట్టు తెలిసింది. చెయ్యి జేబులోని ఫోను మీదికి పోయింది. ఇందుమతి దాన్ని మెల్లిగా పట్టుకుని ఆపింది. "ముందు చూడండి" అంది. ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

"దీనికోసమా అండి?" అన్నాడు, చాలాసేపయ్యాక, లోగొంతుకతో.

"అవునండి."

బాట మీద ఇద్దరు ముగ్గురు గట్టిగా మాట్లాడుకుంటూ ఇటే వస్తున్నారు. ప్రతాప్ వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి వాళ్లని ఆగమన్నాడు. ఇందుమతి తానున్న చోటు వదిలి, వాళ్లు నిలబడటానికి వీలుగా గోడ వారకి జరిగింది.